యూఎన్‌సీ అని కొన్న 1938 రూపాయి ‘క్లీన్డ్’ అని తిరిగొచ్చింది. నాకు కనబడనిది వాళ్ళకేం కనబడింది?

పెరంబూర్_ప్రసాద్

నేను మోసపోయానా, నాణెం స్థితి చూసి అంకె వేసే గ్రేడింగ్ వాళ్ళు పొరబడ్డారా, మీరే తేల్చి చెప్పండి. వారం రోజులుగా ఇదే ఆలోచన.

పోయిన ఏడాది ఎగ్మూర్‌లో నాణేల ప్రదర్శన జరిగితే అక్కడ ఆరో జార్జి రూపాయి కొన్నా, 1938ది. కవరు మీద పెన్నుతో యూఎన్‌సీ అని రాసుంది, అంటే చలామణిలోకే వెళ్ళనిదని. 7,500 చెప్పాడు, బేరమాడితే 6,800కి ఇచ్చాడు. తళతళలాడుతోంది. కిరీటంలో ముత్యాలు లెక్కపెట్టుకోవచ్చు, చెవి మీద జుట్టు ఎక్కడా అరగలేదు. ఇంటికొచ్చి తూచా. సరిగ్గా తులం, 11.66 గ్రాములు. అంచు చుట్టూ గీతలు శుభ్రంగా ఉన్నాయి. దొంగ నాణెం కాదని నమ్మకం కుదిరాకే గ్రేడింగ్‌కి ఇచ్చా. తెలిసినాయన ఒకరు పదిమంది నాణేలు కలిపి అమెరికా పంపుతుంటారు, ఆయన ద్వారా. ఫీజు, ఇన్సూరెన్సు, రానుపోను ఖర్చుల్లో నా వంతు, అంతా కలిపి నాలుగు వేలు దాటింది. ఐదు నెలలు ఎదురుచూశా. అరగని నాణేలకి వేసే ఎంఎస్ అంకెల్లో 63 అయినా రాదా అనుకున్నా.

మొన్న స్లాబ్, అదే నాణేన్ని సీలు వేసిన ప్లాస్టిక్ పెట్టె, చేతికొచ్చింది. నంబరే లేదు. ‘యూఎన్‌సీ డీటెయిల్స్, క్లీన్డ్’ అని ఉంది.

నేను దాన్ని పొడిగుడ్డతో కూడా తుడవలేదు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే “అరగలేదు కదా సార్, వాళ్ళూ యూఎన్‌సీ అనే రాశారు కదా” అంటున్నాడు. పదిరెట్ల భూతద్దం పెట్టి గంటసేపు వెతికా. ఏమీ కనబడలేదు.

చిల్లుకానీ

ఫోటో పెట్టండి సార్. స్లాబ్‌లో ఉన్నా పర్లేదు. ట్యూబ్‌లైట్ కింద మాత్రం వద్దు.

పెరంబూర్_ప్రసాద్

పెట్టాను చూడండి. బొమ్మ, బొరుసు రెండూ. కిటికీ దగ్గర పగటి వెలుతురులో తీసినవి.

చిల్లుకానీ

పగటి వెలుతురులో నా ముఖం కూడా ఎంఎస్ 65లా ఉంటుంది 😄 టేబుల్ ల్యాంప్ పెట్టి పక్కనుంచి తీయండి.

షరాబుగారి_మనవడు

ప్రసాద్ గారూ, ఆ పదిరెట్ల భూతద్దమే మిమ్మల్ని దారి తప్పించింది. మీరు ఒక్కో చుక్కా వెతికారు. గ్రేడర్లు ముందు మొత్తం చర్మం, అంటే నాణెం పైతలం, చూస్తారు. వాళ్ళు చాలావరకు మామూలు కంటితోనే చూస్తారు, కావాలంటే 5 రెట్ల అద్దం. గది చీకటిగా ఉంటుంది, ఒక్క ల్యాంపు. నాణేన్ని అంచులు పట్టుకుని అటూ ఇటూ వాలుస్తూ, గుండ్రంగా తిప్పుతూ చూస్తారు. కొన్ని సెకన్లలో తేలిపోతుంది.

ఆ సెకన్లలో వాళ్ళు చూసేదేంటో చెప్తా. అచ్చు దెబ్బ పడినప్పుడు వెండి మధ్యలోంచి అంచువైపు పాకుతుంది. అది పాకిన జాడలు కంటికి అందనంత సన్నని చాళ్ళలా నాణెం నిండా మిగిలిపోతాయి. ల్యాంపు కింద నాణెం తిప్పితే ఆ చాళ్ళ మీద వెలుగు బండి చక్రం ఆకుల్లా గిర్రున తిరుగుతుంది. దీన్నే కార్ట్‌వీల్ లస్టర్ అంటారు. చలామణిలోకి వెళ్ళని నాణేనికి ఇదే ప్రాణం. దాన్ని పొడి పెట్టి రుద్దారనుకోండి, చాళ్ళు చదునైపోతాయి. అప్పుడు నాణెం మెరుస్తుంది కానీ వెలుగు తిరగదు, ఒకేచోట కూర్చుంటుంది. స్టీలు పళ్ళెం మెరిసినట్టు. పైగా రుద్దిన వైపుకి సన్నగీతలు పడతాయి. అవే హెయిర్‌లైన్స్.

మీ నాణెం బొరుసు మీద వన్ రూపీ అన్న అక్షరాల చుట్టూ ఖాళీ ఉందే, అక్కడ చూడండి. రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, ఒక్క పసుపు బల్బు ల్యాంపు వెలిగించి, నాణేన్ని దాదాపు నేలకు సమంగా వాల్చి మెల్లగా తిప్పండి. ఏదో ఒక కోణంలో గీతలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి, తర్వాత మాయమవుతాయి. స్లాబ్ ప్లాస్టిక్ మీద గీతల్ని చూసి కంగారు పడకండి. అవి స్లాబ్‌తో పాటు కదులుతాయి గానీ బొమ్మ అంచు దగ్గరికొచ్చి ఆగవు.

టీనగర్_వాసు

ఇంత నమ్మకం పనికిరాదండీ. నా దగ్గర ఐదో జార్జి అర్ధరూపాయి ఉంది, విదేశంలో ఉన్న మా బావ అక్కడే కొని అక్కడే గ్రేడ్ చేయించాడు. ఏయూ 58, అంటే కాస్త అరిగిందని, వచ్చింది. వాడికి నచ్చక స్లాబ్ పగలగొట్టి మళ్ళీ అదే కంపెనీకి పంపాడు. ఎంఎస్ 61 వచ్చింది! అదే నాణెం, అదే కంపెనీ. మొదటిసారి అరిగింది, రెండోసారి అరగలేదా? ఆ నంబరు దేవుడి మాట కాదు. ముగ్గురు మనుషులు ఒక పూట అనుకున్న మాట.

షరాబుగారి_మనవడు

వాసు గారూ, 58కీ 61కీ మధ్య ఊగడం నిజమే, నేనూ చూశా. బుగ్గ మీద ఆ కాస్త మసక రాపిడా, సంచిలో నాణేలు ఒకదానికొకటి తగిలినదా అన్నది ఒక్కోసారి తేలదు. కానీ క్లీన్డ్ అన్న మాట అలా ఊగదు. రుద్దిన నాణేన్ని పదిసార్లు పంపినా ఎనిమిదిసార్లు అదే మాట వస్తుంది.

టీనగర్_వాసు

అంటే రెండుసార్లు నంబరు వస్తుందిగా. నేను చెప్పేదీ అదే 🙂

అడయార్_అనురాధ

ఇద్దరూ కాసేపు ఆగండి, కొత్తవాళ్ళు చదువుతున్నారు. ఈ అంకెలు ఎక్కడివో చెప్తే సగం గొడవ తీరుతుంది.

1949లో విలియం షెల్డన్ అనే ఆయన అమెరికా పాత పెద్ద సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా స్కేలు పెట్టాడు. అప్పట్లో అది ధర లెక్క. ముక్కూ మొహం తెలియకుండా అరిగినదానికి 1 అయితే, చెక్కుచెదరనిదానికి దాని 70 రెట్లు అని. ఆ ధరల లెక్క ఎప్పుడో పోయింది, అంకెలు మిగిలాయి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికా గ్రేడింగ్ కంపెనీలు వచ్చి, నాణేన్ని ప్లాస్టిక్‌లో సీలు వేసి ఆ అంకె పైన రాయడం మొదలుపెట్టాక ప్రపంచమంతా పాకింది.

మన రూపాయిలకి దాన్ని ఇలా చదువుకోండి. విక్టోరియా రూపాయి మీద రాణి జడ పాయలు కలిసిపోయి ఒక ముద్దలా ఉంటే ఫైన్, 12 ప్రాంతం. పాయలు విడివిడిగా తెలుస్తూ, రవిక మీది పూలల్లో సగం కనబడుతుంటే వెరీ ఫైన్, 20 నుంచి 35. పూలన్నీ ఉన్నాయి, ఎత్తైనచోట మాత్రమే రాపిడి ఉంటే ఎక్స్‌ట్రా ఫైన్, 40, 45. బుగ్గ మీద, జడ మీద కాస్త మసక తప్ప ఖాళీల్లో లస్టర్ దాదాపు మొత్తం ఉంటే ఏయూ, 50 నుంచి 58. అసలు అరగకపోతే 60 నుంచి 70. ఏడో ఎడ్వర్డ్‌కి కిరీటం లేదు, కాబట్టి చెవి పైన జుట్టు, బుగ్గ ఎముక చూడాలి.

ముఖ్యమైన సంగతి ఇంకొకటి. 60 అంటే అరగలేదని మాత్రమే, అందంగా ఉందని కాదు. సంచుల్లో దొర్లి దెబ్బలన్నీ తిన్న 60 కంటే, ఒక్క వారం ఎవరి జేబులోనో తిరిగిన 58 కంటికి చాలా బాగుంటుంది. నేను 58లే ఏరుకుంటా.

ఇక డీటెయిల్స్ అంటే, నాణెం అసలుదే, అరుగుదల ఫలానా స్థాయిలో ఉంది, కానీ చర్మం పాడైంది కాబట్టి అంకె ఇవ్వం అని. ఎందుకు ఇవ్వలేదో పక్కనే రాస్తారు. పీసీజీఎస్ వాళ్ళకైతే దానికి కోడ్‌లు కూడా ఉన్నాయి, 92 అంటే క్లీన్ చేసినది. ప్రసాద్ గారికి అమ్మినాయన యూఎన్‌సీ అన్నమాట పట్టుకుని మిగతాది మింగేస్తున్నాడు.

పెరంబూర్_ప్రసాద్

ఇప్పుడు అర్థమైంది. అరుగుదల వేరే ప్రశ్న, చర్మం వేరే ప్రశ్న. నేను మొదటిదే చూశా.

రాయపురం_రఫీ

నేను అమ్మేవాణ్ణి, కాబట్టి నా మాట కూడా వినండి. అమ్మినాయన ఎవరో నాకు తెలియదు, వెనకేసుకు రావట్లేదు. కానీ మా దగ్గరికి నాణేలు ఎలా వస్తాయో మీకు తెలియాలి.

ఇళ్ళలోంచి వస్తాయి. పెద్దామె పోతుంది, బీరువాలో గుడ్డసంచి బయటపడుతుంది, కొడుకు మా కొట్టుకి తెస్తాడు. తెచ్చేముందు ఏం చేస్తాడు? “నల్లగా ఉంటే ధర తక్కువిస్తారు” అని రాత్రంతా కూర్చుని తోముతాడు. చింతపండు, విభూతి, పళ్ళ పొడి, ఏది దొరికితే అది. మొన్న ఒక కుర్రాడు నలభై రూపాయిలు తెచ్చాడు, ముప్పై తొమ్మిది అద్దంలా ఉన్నాయి. ఒక మూలన మిగిలిన ఒక్కటి మాత్రం తోమడం మర్చిపోయాడు. దాని మీద బూడిదరంగులోంచి అంచు దగ్గర నీలం, మధ్యలో లేత బంగారు రంగు. నేను ఆ ఒక్కదానికి మిగతా వాటికంటే మూడు రెట్లు ఇచ్చా. వాడు నన్ను అనుమానంగా చూశాడు, ఆ నల్లదాంట్లో ఏదో ఉందని! “తమ్ముడూ, నువ్వు నిన్న నిద్రపోయుంటే నీకు లాభం” అన్నా.

మా తప్పు కూడా ఉంది. కొట్లలో చాలామంది యూఎన్‌సీ అన్నమాట మెరిసే ప్రతిదానికీ రాస్తారు. అది గ్రేడ్ కాదు, పొగడ్త. నేను కవరు మీద “పాత తోముడు” అని రాసి పెడతా. ఆలస్యంగా అమ్ముడవుతుంది కానీ మళ్ళీ నా మొహం చూస్తారు. ప్రసాద్ భాయ్, స్లాబ్ పట్టుకుని నేరుగా వెళ్ళండి. ఫోన్లో గొడవ పడొద్దు. ల్యాంపు వెలిగించి ఆయనకే చూపించండి.

చిల్లుకానీ

@రాయపురం_రఫీ విభూతి పెట్టి తోమిన రూపాయికి పుణ్యం ఎక్కువ కాబట్టి ధర పెంచాలి అన్నా 😄

రాయపురం_రఫీ

పుణ్యం గ్రేడింగ్ వాళ్ళు లెక్కేయరు తమ్ముడూ.

కాసులపేరు

చాలా రోజులుగా చదవడమే, రాయడం ఇదే మొదలు. రఫీ గారి మాట చదివాక భయం వేసింది.

మా అమ్మమ్మది నెల్లూరు దగ్గర పల్లె. ఆవిడ పూజలో పెట్టుకున్న రూపాయిలు ఏడు ఇప్పుడు అమ్మ దగ్గర విల్లివాక్కంలో ఉన్నాయి. శుక్రవారం శుక్రవారం పసుపు, కుంకుమ బొట్టు. వరలక్ష్మీ వ్రతానికి కలశం ముందు పళ్ళెంలో పెడతారు. అందులో రెండింటికి కొక్కెం పీకేసిన గుర్తుంది, ఒకప్పుడు గొలుసులో వేసుకున్నవట. ఒకటి 1911ది. రాజు ఛాతీ మీద పసుపు గట్టిపడి పెంకులా ఉంది, కింద ఏముందో కనబడదు. 1911లో ‘పంది రూపాయి’ ఉంటుందని ఎక్కడో చదివా. కడిగి చూద్దామని అమ్మతో అన్నా, అమ్మ ఊరుకోలేదు. కడగాలా వద్దా?

చిల్లుకానీ

వద్దు

అడయార్_అనురాధ

వద్దండీ.

షరాబుగారి_మనవడు

కడక్కండి, అవసరం లేదు కూడా. 1911 అన్న తేదీ కనబడుతోంది కదా, అది చాలు. ఆ తేదీతో వచ్చిన ఐదో జార్జి రూపాయిలన్నీ ఆ బొమ్మవే. రాజు వస్త్రం మీద పతకాల గొలుసులో చిన్న ఏనుగు ఉంటుంది. తొండం పొట్టిగా చెక్కడంతో జనానికి అది పందిలా కనబడింది, పెద్ద అలజడి అయింది. పంచడం ఆపి, 1912లో తొండం, చెవులు బాగా తెలిసేలా అచ్చు మార్చారు. పసుపు కింద ఉన్నది ఆ ఏనుగే.

ఆశ ఎక్కువ పెంచుకోకండి. చలామణిలో తిరిగిన 1911 రూపాయి అంత అరుదేమీ కాదు, అరగనిదైతే ఆ కథ వేరు. కొక్కెం పీకినవి రెండూ ఏ కంపెనీకి పంపినా డీటెయిల్సే వస్తాయి, అంచు మీద టంకం మచ్చ ఎంత గీకినా దాగదు.

కాసులపేరు

అమ్ముకోవడానికి కాదండీ. తెలుసుకుందామనే. పసుపు నాణేన్ని తినేస్తుందా?

షరాబుగారి_మనవడు

పొడి పసుపుతో పెద్ద ప్రమాదం లేదు. తడి కుంకుమ, కొబ్బరినీళ్ళు, పాలు, పంచామృతం, ఇవే ముప్పు. ఉప్పు, పులుపు తగిలి అలాగే తడిగా ఉండిపోతే చర్మం మీద మచ్చలు తింటుంది. అభిషేకం చేస్తే వెంటనే మంచినీళ్ళతో కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డ మీద అద్ది ఆరబెట్టమనండి.

టీనగర్_వాసు

కడిగితే ఏమవుతుంది అంత? ప్యూర్ అసిటోన్‌లో అరగంట ఉంచితే గ్రీజు, గమ్ము పోతాయి, వెండిని ముట్టుకోదు. నేను చాలాసార్లు చేశా. క్లీనింగ్ అన్నమాట వింటేనే అందరూ పాము చూసినట్టు ఎగురుతారేంటో.

అడయార్_అనురాధ

వాసు గారి మాట సగం నిజం. అసిటోన్ లోహంతో కలవదు, పైనున్న జిడ్డు, ప్లాస్టిక్ జిగురు కరిగిస్తుంది. కానీ గోళ్ళ రంగు తుడిచే సీసాలోది కాదు, అందులో నూనెలు, రంగులు ఉంటాయి. గాజు గిన్నె, కిటికీ తెరిచి, దగ్గర్లో పొయ్యి వెలగకూడదు. రుద్దకూడదు, అద్దాలంతే. అయినా పసుపు పెంకు అసిటోన్‌తో మొత్తం పోతుందన్న భరోసా లేదు. సగం పోయి సగం మిగిలితే గోరు పెట్టాలనిపిస్తుంది. ఆ గోరే ప్రమాదం.

ఇంకో రకం ఉంది, ఆమ్లం కలిసిన ద్రవంలో ముంచి తీయడం. నల్లటి సల్ఫైడ్ పొరతో పాటు కింద వెండి కూడా ఒక పొర పోతుంది. ఒక్కసారి ముంచితే బతుకుతుంది, మూడునాలుగు సార్లయితే ఆ చాళ్ళన్నీ పోయి సున్నం కొట్టిన గోడలా తెల్లగా, చచ్చినట్టు ఉంటుంది.

బెంగళూరు_భాస్కర్

అందరూ గ్రేడింగ్‌కి పంపడం గురించి మాట్లాడుతున్నారు, ఒక్కరూ చట్టం మాట ఎత్తలేదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికీ, అది అనుమతించిన సంస్థలకీ తప్ప ఎవరికీ లేదు. గ్రేడ్ చేయించి వెనక్కి తెప్పించుకుంటా అన్నా సరే, వెళ్ళడం వెళ్ళడమే. ప్రసాద్ గారి 1938 రూపాయికి ఆ బాధ లేదు. కాసులపేరు గారి 1911ది పంపకూడదు. విక్టోరియా, ఎడ్వర్డ్ అసలే వద్దు.

ప్రతి ఏడాదీ ఈ గీత ఒక ఏడాది ముందుకు జరుగుతుంది. ఐదో జార్జి నాణేలు ఒక్కో సంవత్సరంవీ వరసగా గీత దాటుతున్నాయి.

టీనగర్_వాసు

మరి ఇక్కడ వేలంపాటల్లో విక్టోరియా స్లాబ్‌లు అన్ని ఎలా ఉన్నాయి?

బెంగళూరు_భాస్కర్

చాలావరకు ఎప్పుడో విదేశాలకు వెళ్ళిపోయిన నాణేలు, అక్కడే గ్రేడై ఇక్కడికి కొనుక్కొచ్చినవి. మీ బావగారి అర్ధరూపాయి లాగే. మిగతావాటి గురించి నేను రాయను. పట్టుబడితే పోయేది నాణెం ఒక్కటే కాదు. నా దగ్గర 1862 రూపాయిలు పన్నెండు ఉన్నాయి, బొరుసు మీద చుక్కల లెక్కలో తేడాలున్నవి. ఒక్కదానికీ స్లాబ్ లేదు. కళ్ళు ఉన్నాయి, ల్యాంపు ఉంది, త్రాసు ఉంది.

రాయపురం_రఫీ

భాస్కర్ సార్ చెప్పింది బంగారం. ఎవరైనా “నూరేళ్ళ నాణెం కూడా పంపించేస్తా, నాకు దారి తెలుసు” అంటే ఆ దారిన వెళ్ళకండి.

చిల్లుకానీ

చట్టాల మాట వచ్చింది కాబట్టి: మా పెద్దమ్మ ఫోన్ చేసి, వైష్ణోదేవి బొమ్మున్న ఐదు రూపాయల నాణేనికి పది లక్షలట, నీ దగ్గర ఉన్నాయా అని అడిగింది. ముందు ఫీజు కట్టమన్నారట. 2021లోనే రిజర్వ్ బ్యాంక్ ప్రకటన ఇచ్చింది పెద్దమ్మా, మా పేరు చెప్పి పాత నాణేలకి కమీషన్లు అడిగేవాళ్ళని నమ్మొద్దని, అన్నా. “ఆ బ్యాంకు వాళ్ళకి కూడా కావాలేమో” అంది 😄 చివరికి కట్టలేదు, అది చాలు.

మైలాపూర్_మణి

చెన్నైలో ఉన్నాం కాబట్టి నిల్వ గురించి ఒక మాట. మనది సముద్రపు గాలి. నేను బీసెంట్ నగర్‌లో ఉన్న నాలుగేళ్ళలో రాగి నాణేలు మూడు పోగొట్టుకున్నా. ఉప్పు తేమ తగిలిన రాగి మీద లేతాకుపచ్చ పొడి పుడుతుంది, తుడిస్తే పోతుంది, నెలకి మళ్ళీ వస్తుంది, ప్రతిసారీ కింద గుంట లోతవుతుంది. ఇప్పుడు గాలి చొరబడని స్టీలు డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు. రంగు మారగానే పెనం మీద వేడి చేసి మళ్ళీ పెడతా. వానాకాలంలో నెలకి రెండుసార్లు.

మెత్తటి ప్లాస్టిక్ కవర్లు అస్సలు వద్దు. కొత్త కుర్చీ సీటు వాసన వస్తే అది పీవీసీ. నాలుగైదేళ్ళకి నాణెం మీద పచ్చటి జిగురు దిగుతుంది. అది పట్టిందంటే మాత్రం వాసు గారి అసిటోన్ పనికొస్తుంది, ఆలస్యం చేయకూడదు.

టీనగర్_వాసు

చూశారా, చివరికి నా అసిటోనే దిక్కైంది.

మైలాపూర్_మణి

సముద్రం మాట వచ్చింది కాబట్టి నా దగ్గరున్న ఒకదాని గురించి చెప్తా. మద్రాసు కోసం ఇంగ్లండులో కొట్టిన 1808 నాటి 20 కాసుల రాగి నాణెం. దాన్ని మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అన్న ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకుండానే గుడ్విన్ ఇసుకతిన్నెల మీద మునిగింది. 1980ల్లో పైకి తీశారు. అంటే ఈ నాణెం మద్రాసు మార్కెట్టు చూడలేదు, ఒక్క చెయ్యీ మారలేదు. అరుగుదల సున్నా. అయినా కొన్నిచోట్ల ఉప్పునీళ్ళు తిని, చర్మం గరుకుగా, పులిపిరి పట్టినట్టు ఉంది. ఎన్‌జీసీ వాళ్ళు ఇలాంటివాటికి ‘షిప్‌రెక్ ఎఫెక్ట్’ అని వేరే మాట వాడతారు. అరగకపోయినా చర్మం పోవడం అంటే ఏంటో దీన్ని చూస్తే తెలుస్తుంది. మా నాన్నగారు విదేశం నుంచి తెప్పించారు. రెండు వందల ఏళ్ళకి చేరాల్సిన ఊరు చేరింది.

అడయార్_అనురాధ

అబ్బ. ఒకసారి చూపించండి మణి గారూ. మీకొకటి చూపిస్తా, అదే కాలపు మద్రాసు వెండి అర పగోడా, పగోడా అంటే అప్పటి ఇక్కడి నాణెం. ఒకవైపు గుడి గోపురం చుట్టూ నక్షత్రాలు, ఇంకోవైపు విష్ణువు, చుట్టూ తమిళం, తెలుగు అక్షరాలు. ఈ ఊళ్ళో కొట్టిన నాణెం మీద తెలుగు! దాని గోపురం అంతస్తుల మధ్య పాత స్పానిష్ డాలర్ తాలూకు అచ్చు ఛాయ కనబడుతుంది, పాత వెండి మీదే మళ్ళీ కొట్టారు. మొదట్లో అది దెబ్బ అనుకుని బేరమాడా. అమ్మినాయన నవ్వుకునే ఉంటాడు.

షరాబుగారి_మనవడు

అనురాధ గారు చెప్పినదాంట్లో ఇంకో సంగతుంది. అచ్చు సరిగ్గా పడక బొమ్మ మసకబారడం వేరు, అరగడం వేరు. ఎత్తైనచోట బొమ్మ లేకపోయినా అక్కడ వెలుగు తిరుగుతుంటే అది అచ్చు లోపం. అదే చోట బూడిదరంగులో మొద్దుగా ఉంటే అరుగుదల. 1947 నికెల్ రూపాయి కొనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, పులి మీద చారలు లేవని వెంటనే వదిలేయకండి.

మా తాత నెల్లూరులో షరాబు కొట్లో కూర్చునేవాడు. రూపాయిని రాతి మీద ఎగరేసి మోత వినేవాడు. మోత మంచిదైతే సరే, లేకపోతే అంచున చిన్న ఉలి గాటు. ఆ గాట్లున్న రూపాయిలు ఇప్పటికీ వస్తుంటాయి. కంపెనీలు వాటిని డ్యామేజ్ కింద రాస్తాయి. నాకు మాత్రం ఆ గాటు కనబడితే తాత చెయ్యి కనబడినట్టుంటుంది. మీరు మాత్రం రాతి మీద ఎగరేయకండి, అంచు మీద దెబ్బ పడుతుంది.

పెరంబూర్_ప్రసాద్

నిన్న రాత్రి చేశా.

పిల్లలు పడుకున్నాక హాల్లో లైట్లన్నీ ఆర్పి, మా పాప చదువుకునే ల్యాంపు పెట్టుకుని కూర్చున్నా. పక్కన పోల్చుకోవడానికి 1947 నికెల్ రూపాయి, మా మామగారు జీతంలో కొత్తది వస్తే దాచుకున్నదట. ముందు అది తిప్పా. షరాబు గారు చెప్పినట్టే రెండు వెలుగు రెక్కలు గడియారం ముల్లులా తిరిగాయి. పులి మీదకి ఎక్కి, దిగి, మళ్ళీ ఖాళీలోకి పాకాయి.

తర్వాత నాది. తెల్లగా మెరిసింది. వెలుగు మధ్యలో ఒక మచ్చలా కూర్చుంది, ఎంత తిప్పినా కదల్లేదు. ఇంకా వాల్చా, దాదాపు పడుకోబెట్టా. వన్ రూపీ అక్షరాల కింద, 1938 అంకెల పక్కన, ఒక్కసారిగా వందల గీతలు లేచాయి. అన్నీ ఒకే వాలు, ఎడమ నుంచి కుడికి పైకి. దువ్వెన పెట్టి దువ్వినట్టు. అక్షరాల అంచు దగ్గరికొచ్చి ఆగిపోయాయి, ఆ సందులో మాత్రం రెండు మిల్లీమీటర్ల మేర పాత బూడిదరంగు పొర మిగిలుంది. గుడ్డ అందని చోటు. ఎవరో బొటనవేలికి గుడ్డ చుట్టి రుద్దారు. వేలు ఎటు కదిలిందో కూడా తెలుస్తోంది.

అంత స్పష్టంగా ఉన్నదాన్ని ఏడాదిపాటు చూడలేదు. మా ఆవిడని లేపి చూపించా. ఆమె ఒక్కసారికే పట్టేసింది, “స్టీలు గ్లాసు లోపల ఉండే గీతలు కదా ఇవి” అంది.

చిల్లుకానీ

అక్కని గ్రేడర్‌గా పెట్టుకోవాలి!

షరాబుగారి_మనవడు

అక్షరాల సందులో మిగిలిన ఆ పొర ఫోటో తీసి పెట్టండి ప్రసాద్ గారూ. కొత్తవాళ్ళకి అంతకంటే మంచి పాఠం ఉండదు.

టీనగర్_వాసు

సరే, మీ నాణెం విషయంలో కంపెనీది తప్పు కాదు, ఒప్పుకున్నా. మా బావ అర్ధరూపాయి విషయం మాత్రం వదలను.

పెరంబూర్_ప్రసాద్

రఫీ గారు చెప్పినట్టే ఈరోజు నేరుగా వెళ్ళా. జేబులో చిన్న టార్చి పెట్టుకుని. కొట్లో షట్టరు సగం దించి చూపించా. ఆయన చాలాసేపు తిప్పి చూశాడు, ఏం మాట్లాడలేదు. తర్వాత “ఇది నేను కూడా యూఎన్‌సీ అనే కొన్నా సార్” అన్నాడు. నిజమో కాదో గానీ ఆయన మొహం చూస్తే నిజమే అనిపించింది. డబ్బు వెనక్కి ఇవ్వనన్నాడు. రెండువేలు తగ్గించి లెక్కకట్టి, ఆ రెండువేలకి 1945 లాహోర్ టంకశాల అర్ధరూపాయి ఇచ్చాడు, ఎల్ గుర్తున్నది. కొట్లోనే పది నిమిషాలు వాల్చి చూశాకే తీసుకున్నా. అరిగింది, వెరీ ఫైన్ ఉంటుందేమో. కానీ ఎవరూ తోమలేదు. మచ్చలు మచ్చలుగా గోధుమరంగు ఉంది, నాకు చాలా నచ్చింది.

రాయపురం_రఫీ

బేరం సరిపోయింది భాయ్.

కాసులపేరు

నేనూ ఒకటి చెప్పాలి. ల్యాంపు పెట్టి ఏడు రూపాయిలూ చూశాం, నేనూ అమ్మా. కడగలేదు. తూచాం కూడా, 1911ది 11.5 వచ్చింది, పసుపుతో కలిపి. పసుపు పెంకు అంచున, గొలుసు దగ్గర, చిన్న కాలు ఒకటి కనబడింది. ఏనుగు కాలే. అమ్మ అప్పటిదాకా అది వినాయకుడి బొమ్మ అనుకుందట, అమ్మమ్మ అలాగే చెప్పిందట.

కొక్కెం పీకిన రెండూ ఇక మీదట అభిషేకానికి. మిగతా ఐదూ పొడి పసుపుతో పళ్ళెంలోనే ఉంటాయి, నీళ్ళు తగలవు. అమ్మ ఒప్పుకుంది. మణి గారూ, స్టీలు డబ్బాలో సిలికా జెల్‌తో పాటు పచ్చకర్పూరం పెట్టొచ్చా అని అడగమంది.

మైలాపూర్_మణి

వద్దని చెప్పండమ్మా. కర్పూరం దేవుడి దగ్గర, సిలికా జెల్ డబ్బాలో. డబ్బా మూతకి రబ్బరు రింగు ఉంటే అది తీసేసి వాడండి, రబ్బరులో గంధకం ఉంటుంది, వెండి నల్లబడుతుంది.